ఆప్టికల్ కేవిటీలో అణువు: క్వాంటమ్ కదలికను మెట్టు మెట్టుగా లెక్కించడం

రెండు అద్దాలను కొన్ని వందల నానోమీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలబెడితే, వాటి మధ్య కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతి మాత్రమే నిలుస్తుంది. ఆ కాంతి ఫోటాన్ శక్తీ, మధ్యలో ఉన్న అణువు ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి వెళ్లడానికి కావలసిన శక్తీ సమానమైతే, రెండూ శక్తిని ఇచ్చిపుచ్చుకుంటాయి. ఫోటాన్ అద్దాల నుంచి బయటికి కారిపోయేలోపే ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరిగితే, సగం కాంతి, సగం పదార్థం అయిన పోలరిటాన్ స్థితులు ఏర్పడతాయి. 2012లో స్ట్రాస్‌బర్గ్‌లో థామస్ ఎబ్బెసెన్ బృందం ఇలాంటి కేవిటీలో స్పైరోపైరాన్-మెరోసయనిన్ కాంతి రసాయన చర్య వేగం తగ్గుతుందని చూపించింది. అద్దాల మధ్య ఖాళీని మార్చి రసాయన చర్యను మార్చవచ్చన్న ఆలోచన అప్పటి నుంచి ఒక పెద్ద పరిశోధన రంగంగా ఎదిగింది. మన దేశంలో మొహాలీలోని ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ)లో జినో జార్జ్ బృందం ఈ పని చేస్తోంది.

ఈ మార్గదర్శి ఎమ్మెస్సీ స్థాయిలో క్వాంటమ్ మెకానిక్స్ చదివి, పైథాన్‌లో మాత్రికలతో కాస్త పని చేసినవాళ్ల కోసం. ఉదాహరణకు సోడియం అయొడైడ్ అణువును తీసుకుంటున్నాను. రెండే పరమాణువులు కాబట్టి కేంద్రకాల కదలికకు ఒకే నిరూపకం చాలు. పైగా కేవిటీ లేకుండా దాని కదలికను అహ్మద్ జెవైల్ బృందం 1980ల చివర్లోనే ఫెమ్టోసెకను లేజర్లతో నేరుగా కొలిచింది (ఆయనకు 1999లో నోబెల్ వచ్చింది), అందువల్ల మన లెక్కను సరిపోల్చుకోవడానికి గట్టి ఆధారం ఉంది. 2016లో కొవలెవ్‌స్కీ, బెనెట్, ముకామెల్ కేవిటీలో కదలికను లెక్కించడానికి ఎంచుకున్నదీ ఈ అణువునే.

కోడ్ రాయడం ఇందులో కష్టమైన భాగం కాదు. కాంతికీ అణువుకీ మధ్య ఏ పదాలు ఉంచాలి, ఏవి వదలాలి అన్న నిర్ణయాలే కష్టం. అందుకే ఆ భాగం మీద ఎక్కువసేపు ఆగుతాను.

మెట్టు 1: ముందు కాగితం మీద అంచనా

మూడు అంకెలు తెలియకుండా కోడ్ మొదలుపెట్టకండి: కాంతికీ అణువుకీ మధ్య కలయిక శక్తి ఎంత, ఫోటాన్ కేవిటీలో ఎంతసేపు నిలుస్తుంది, కేంద్రకాలు ఎంత వేగంగా కదులుతాయి.

కలయిక శక్తిని ల్యాబుల్లో జీ (g) అంటారు. దాన్ని రాబట్టడం తేలిక. శూన్య పర్మిటివిటీని మోడ్ (కేవిటీలో నిలిచే కాంతి రూపం) ఘనపరిమాణంతో గుణించి రెట్టింపు చేయండి. ఫోటాన్ శక్తిని దానితో భాగించి వర్గమూలం తీస్తే కేవిటీ శూన్య విద్యుత్ క్షేత్రం వస్తుంది. ఆ క్షేత్రాన్ని అణువు ట్రాన్సిషన్ డైపోల్‌తో గుణిస్తే వచ్చేదే జీ. అనునాదంలో రెండు పోలరిటాన్ స్థాయిల మధ్య దూరం జీకి రెట్టింపు ఉంటుంది. దీన్నే రాబీ విభజన అంటారు.

ఒక లెక్క చేసి చూద్దాం. ఫోటాన్ శక్తి 2 ఎలక్ట్రాన్ వోల్టులు, మోడ్ ఘనపరిమాణం 40 ఘన నానోమీటర్లు, డైపోల్ 4 డిబై అనుకోండి. శూన్య క్షేత్రం మీటరుకు దాదాపు 67 కోట్ల వోల్టులు వస్తుంది. జీ సుమారు 56 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, విభజన 112. ఈ అంకెలు ఊహాలోకంవి కావు. 2016లో కేంబ్రిడ్జ్ బృందం బంగారు నానోకణానికీ బంగారు అద్దానికీ మధ్య ఉన్న సన్నని సందులో ఒకే ఒక్క మిథిలీన్ బ్లూ అణువుకు 90 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో విభజన చూపించింది.

ఇప్పుడు అదే అణువును మామూలు అద్దాల కేవిటీలో పెట్టండి. మోడ్ ఘనపరిమాణం తరంగదైర్ఘ్యానికి ఘనం అనుకుంటే, 620 నానోమీటర్లకు సుమారు 24 కోట్ల ఘన నానోమీటర్లు వస్తుంది. జీ 0.023 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు పడిపోతుంది. ఒక్క అణువుతో ఇక్కడ ఏమీ జరగదు. కానీ అణువుల సంఖ్య వర్గమూలంతో పాటు కలయిక పెరుగుతుంది కాబట్టి కోటి అణువులు ఒకే మోడ్‌తో కలిస్తే మొత్తం 73 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు అవుతుంది. స్ట్రాస్‌బర్గ్ తరహా ప్రయోగాలన్నీ ఈ సామూహిక రకానివే. మీరు మోడల్ చేస్తున్నది ఏ రకమో మొదటి రోజే తేల్చుకోండి. ఒక్క అణువు మోడల్‌లో కోటి అణువుల విభజనను జీగా పెట్టి రసాయన ఫలితం ప్రకటించడం ఈ రంగంలో చాలా చోట్ల కనిపించే తప్పు. ఒక్కో అణువుకు తగిలే బలం అంత ఉండదు.

శక్తిని కాలంగా మార్చడానికి రెండు స్థిరాంకాలు గుర్తుంచుకుంటే చాలు. ఎలక్ట్రాన్ వోల్ట్-ఫెమ్టోసెకనుల్లో తగ్గించిన ప్లాంక్ స్థిరాంకం 0.658, పూర్తి ప్లాంక్ స్థిరాంకం 4.136. వెడల్పు 100 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులున్న ప్లాస్మాన్ కేవిటీలో (పైన చెప్పిన బంగారు సందు లాంటి దానిలో) ఫోటాన్ ఆయుష్షు 6.6 ఫెమ్టోసెకనులే.

మెట్టు 2: అణువును ఒంటరిగా నిలబెట్టడం

సోడియం అయొడైడ్‌కు రెండు డయాబాటిక్ వక్రాలు, అంటే దూరం మారినా ఎలక్ట్రాన్ల అమరిక స్వభావం మారని శక్తి వక్రాలు, చాలు. ఒకటి అయానిక్, ఇంకోటి కోవలెంట్. సోడియం అయనీకరణ శక్తి 5.14, అయోడిన్ ఎలక్ట్రాన్ అఫినిటీ 3.06. తేడా దాదాపు 2.08 ఎలక్ట్రాన్ వోల్టులు. దూరంగా ఉన్న అయాన్ల జంట తటస్థ పరమాణువుల కన్నా అంత ఎత్తులో ఉంటుంది. దగ్గరికి వచ్చేకొద్దీ కూలంబ్ ఆకర్షణ దాన్ని కిందికి లాగుతుంది. ఎలక్ట్రాన్ వోల్ట్-ఆంగ్‌స్ట్రామ్‌లలో కూలంబ్ స్థిరాంకం 14.4. దాన్ని 2.08తో భాగిస్తే 6.9. అంటే సుమారు 6.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర రెండు వక్రాలూ ఖండించుకోవాలి. మీ కోడ్‌లో ఖండన బిందువు ఇంకెక్కడైనా వస్తే యూనిట్లు తప్పాయని అర్థం.

అయానిక్ వక్రంలో నాలుగు భాగాలు పెట్టండి. 2.075 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తు ఒకటి, కూలంబ్ ఆకర్షణ రెండు. మూడోది దగ్గర్లో పనిచేసే ఘాత వికర్షణ, గుణకం 2760 ఎలక్ట్రాన్ వోల్టులు, తగ్గే పొడవు 0.349 ఆంగ్‌స్ట్రామ్‌లు. నాలుగోది అయాన్ల ధ్రువణత వల్ల వచ్చే ఆకర్షణ. రెండు అయాన్ల ధ్రువణతల మొత్తం 6.84 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆకర్షణ దూరం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. వీటికి చిన్న సవరణలు ఇంకా ఉన్నాయి కానీ ఈ నాలుగుతోనే 2.71 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టుల లోతు బావి వస్తుంది. కోవలెంట్ వక్రం ఇంకా సరళం. 2.67 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర 0.813 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తుతో మొదలై, ఆంగ్‌స్ట్రామ్‌కు 4.08 రేటుతో ఘాతీయంగా పడిపోతుంది. రెండింటినీ కలిపే పదం 6.93 దగ్గర కేంద్రీకరించిన గాసియన్, ఎత్తు 0.055 ఎలక్ట్రాన్ వోల్టులు.

డయాబాటిక్ రూపమే ఎందుకంటే, ఎడియాబాటిక్ రూపంలో ఖండన దగ్గర డెరివేటివ్ కలయిక పదునుగా పొడుచుకొస్తుంది. దాన్ని గ్రిడ్ మీద మోయడం దండగ. పెద్ద అణువులకు డయాబాటిక్ రూపం రాబట్టడమే ఒక పెద్ద పని, ఇక్కడ అది చేతికందే దూరంలో ఉంది.

మెట్టు 3: గ్రిడ్, కాలపు అడుగు

రెడ్యూస్డ్ మాస్ 19.46 పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు, అంటే పరమాణు యూనిట్లలో దాదాపు 35,480. కేవిటీ ఫోటాన్ శక్తి 1.5 ఎలక్ట్రాన్ వోల్టులు అని పెట్టుకుందాం. ఫోటాన్‌ను విడిచి అయానిక్ బావిలోకి దిగిన వేవ్‌ప్యాకెట్‌కు గరిష్ఠంగా 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల గతిజశక్తి ఉంటుంది. ఆ శక్తికి డీ బ్రోయ్ తరంగదైర్ఘ్యం 0.043 ఆంగ్‌స్ట్రామ్‌లు. గ్రిడ్ బిందువుల మధ్య దూరం అందులో సగం కన్నా తక్కువ ఉండి తీరాలి. 0.01 ఆంగ్‌స్ట్రామ్ పెడితే నిశ్చింత. 2 నుంచి దాదాపు 22 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు 2048 బిందువులు సరిపోతాయి. 18 దాటాక శోషించే కల్పిత పొటెన్షియల్ పెట్టండి, లేకపోతే విడిపోయిన పరమాణువులు గ్రిడ్ అంచుకు తగిలి వెనక్కి వచ్చి లెక్కంతా పాడుచేస్తాయి.

కాలపు అడుగు 0.1 ఫెమ్టోసెకను. గ్రిడ్ మోయగల గరిష్ఠ గతిజశక్తి పది ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు. ఒక అడుగులో దాని ఫేజ్ 1.6 రేడియన్లు తిరుగుతుంది, ఇది π (3.14) విలువ లోపలే ఉంది కాబట్టి సరే.

మెట్టు 4: కాంతిని చేర్చడం

ఇక్కడ నిదానంగా చదవండి.

డైపోల్ గేజ్‌లో రాసే పౌలి-ఫియర్జ్ హామిల్టోనియన్‌లో నాలుగు భాగాలు ఉంటాయి. మొదటిది మనం కట్టిన అణువు. రెండోది ఫోటాన్ల సంఖ్యను ఫోటాన్ శక్తితో గుణించినది. మూడోది కలయిక: జీ మాత్రికను, ఫోటాన్‌ను సృష్టించే, తీసేసే ఆపరేటర్ల మొత్తంతో గుణించినది. నాలుగోది డైపోల్ స్వీయశక్తి: జీ మాత్రిక వర్గాన్ని ఫోటాన్ శక్తితో భాగించినది.

జీ ఇక్కడ ఒక్క అంకె కాదు. పరమాణువుల దూరాన్ని బట్టి మారే రెండు బై రెండు మాత్రిక. దాని వికర్ణంలో శాశ్వత డైపోల్‌లు, పక్కన ట్రాన్సిషన్ డైపోల్ ఉంటాయి. చాలామంది మొదటి ప్రయత్నంలో ట్రాన్సిషన్ డైపోల్ ఒక్కటే పెట్టి ముందుకెళ్తారు. రంగు అణువులకు అది పర్వాలేదు. సోడియం అయొడైడ్‌కు అస్సలు చెల్లదు, ఎందుకంటే బావి అడుగునే దాని శాశ్వత డైపోల్ 9 డిబైల పైన ఉంటుంది. అయానిక్ స్థితిలో పరమాణువులు 7 ఆంగ్‌స్ట్రామ్‌లకు సాగితే, విడి ఆవేశాలుగా లెక్కిస్తే 33.6 డిబై అవుతుంది.

మోడ్ ఘనపరిమాణాన్ని 100 ఘన నానోమీటర్లు పెట్టి చూద్దాం. (1.5 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతిని అద్దాలు ఇంత చిన్న చోట బంధించలేవు. ఇది పద్ధతి నేర్చుకోవడానికి పెట్టుకున్న అంకె.) డిబైకి 7.7 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల కలయిక వస్తుంది. 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర అయానిక్ స్థితికి వికర్ణ జీ 0.257 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని వర్గాన్ని 1.5తో భాగిస్తే స్వీయశక్తి 44 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు వక్రాలను కలిపే పదం 55 అని గుర్తుచేసుకోండి. దాదాపు అంతే పెద్దది!

ఇప్పుడు స్వీయశక్తిని చిన్నదే కదా అని వదిలేస్తే ఏమవుతుంది? శాశ్వత డైపోల్ ఫోటాన్ డోలకాన్ని ఒక పక్కకు జరుపుతుంది. ఆ జరుగుడు వల్ల శక్తి సరిగ్గా 44 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు తగ్గుతుంది. స్వీయశక్తి ఉంటే ఈ తగ్గుదల పూర్తిగా రద్దవుతుంది, లేకపోతే అయానిక్ వక్రం అంత కిందికి జారి, ఖండన బిందువు దాదాపు 0.15 ఆంగ్‌స్ట్రామ్ బయటికి జరుగుతుంది. అణువు విడిపోయే రేటు మారిపోయి, కేవిటీయే దాన్ని మార్చిందని మీరు అనుకుంటారు. కారణం మీరు తీసేసిన పదమే. దూరం పెరిగేకొద్దీ తప్పు వర్గంగా పెరుగుతుంది కాబట్టి కూలంబ్ ఆకర్షణ కూడా దాన్ని ఆపలేదు, అయానిక్ వక్రానికి అడుగే ఉండదు. స్వీయశక్తి లేని హామిల్టోనియన్‌కు భూస్థితి ఉండదని 2018లో సాధారణ రూపంలో కూడా నిరూపించారు.

ఇంకో మాట. స్వీయశక్తిలో డైపోల్ ఆపరేటర్ వర్గం మాత్రిక మూలకాలు పెట్టాలా, లేక మన రెండు బై రెండు డైపోల్ మాత్రికనే వర్గం చేయాలా? రెండూ వేర్వేరు విలువలు ఇస్తాయి. రెండే ఎలక్ట్రానిక్ స్థితులు ఉంచుకున్నప్పుడు మాత్రికను వర్గం చేయడమే నా సలహా. అలా చేస్తేనే పైన చెప్పిన రద్దు కచ్చితంగా నిలుస్తుంది.

ప్లాస్మాన్ కేవిటీల విషయంలో మాత్రం పై సలహాను గుడ్డిగా వాడకండి. బంగారు సందులో ఉండే క్షేత్రం ప్రధానంగా లోహంలోని ఆవేశాల కూలంబ్ క్షేత్రం. ఆ రకం మోడ్‌కు స్వీయశక్తి పదాన్ని యథాతథంగా జోడించడం సరికాదు. దాని బదులు లోహంతో అణువుకు ఉండే స్థిర విద్యుత్ ఆకర్షణను సరిగ్గా లెక్కలోకి తేవాలి.

అనునాదం లేని పదాలను తీసేసే ఆర్‌డబ్ల్యూఏ అనే ఉజ్జాయింపు వాడతామంటే వాడండి, జీ ఫోటాన్ శక్తిలో పదో వంతు కన్నా బాగా తక్కువున్నప్పుడు అది బాగానే పనిచేస్తుంది. కానీ అప్పుడు శాశ్వత డైపోల్ పదాన్నీ స్వీయశక్తినీ రెండింటినీ కలిపి వదలాలి. ఒకటి ఉంచి ఇంకోటి తీసేస్తే రద్దు చెడిపోతుంది.

మెట్టు 5: ఫోటాన్ స్థితులు ఎన్ని ఉంచాలి

జరిగిన డోలకంలో సగటు ఫోటాన్ల సంఖ్య, వికర్ణ జీని ఫోటాన్ శక్తితో భాగించి వర్గం చేస్తే వస్తుంది. 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర 0.03. సున్నా నుంచి నాలుగు వరకు ఐదు ఫాక్ స్థితులు (ఫోటాన్ల సంఖ్య కచ్చితంగా ఉన్న స్థితులు) పెడితే చాలు. రెండు ఎలక్ట్రానిక్ స్థితులతో కలిపి ప్రతి గ్రిడ్ బిందువు దగ్గర పది బై పది మాత్రిక అవుతుంది.

మెట్టు 6: నడపడం

భూస్థితి వేవ్‌ప్యాకెట్‌ను ఊహాత్మక కాలంలో నడిపి తెచ్చుకోండి. బావి పౌనఃపున్యం 258 విలోమ సెంటీమీటర్లు కాబట్టి దాని వెడల్పు 0.06 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర ఉండాలి. ఆ ప్రమేయాన్ని మార్చకుండా కోవలెంట్ వక్రం మీదికి, సున్నా ఫోటాన్ల స్థితిలోకి ఎత్తండి. పొట్టి లేజర్ పల్స్ చేసే పనికి ఇది సరిపడే ఉజ్జాయింపు.

తర్వాత స్ప్లిట్ ఆపరేటర్ పద్ధతి. సగం అడుగు పొటెన్షియల్, పూర్తి అడుగు గతిజశక్తి, మళ్లీ సగం అడుగు పొటెన్షియల్. గతిజశక్తి భాగానికి ఎఫ్‌ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్)తో ద్రవ్యవేగ రూపంలోకి వెళ్లి రావాలి. పొటెన్షియల్ భాగంలో కాంతి కలయిక, స్వీయశక్తి, డయాబాటిక్ కలయిక అన్నీ ఆ పది బై పది మాత్రికలోనే ఉంటాయి. కాలంతో మారవు కాబట్టి ప్రతి బిందువు దగ్గర ఒక్కసారి వికర్ణీకరించి, ఘాత మాత్రికను దాచుకుంటే చాలు. రెండు పికోసెకనులకు 20,000 అడుగులు. నమ్‌పైతో మామూలు ల్యాప్‌టాప్‌లో నిమిషాల పని.

మొదటి పరుగు కేవిటీ లేకుండా చేయండి. వేవ్‌ప్యాకెట్ బయటికి వెళ్లి, అయానిక్ గోడ ఎక్కి 10.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర తిరిగి, సుమారు ఒక పికోసెకనుకు వెనక్కి రావాలి. జెవైల్ బృందం చూసిన డోలనం ఇదే. బయటికి వెళ్లే ప్రతిసారీ కొంత భాగం కోవలెంట్ వక్రం మీదే ఉండిపోయి విడిపోతుంది. ఖండన దాటేటప్పుడు ఏ వక్రం మీద ఎంత భాగం ఉంటుందో చెప్పే లాండౌ-జీనర్ సూత్రం ప్రకారం ఈ అంకెలకు 2 నుంచి 3 శాతం. కలిపే పదాన్ని 0.055 నుంచి 0.046కు తగ్గించండి, 7 శాతం దాటుతుంది. ప్రయోగంలో వచ్చింది దాదాపు పదో వంతు. ఇంత సున్నితమైన అణువు కాబట్టే కేవిటీ లేని లెక్క కుదిరే వరకు కేవిటీ జోలికి వెళ్లొద్దంటున్నాను.

ఇప్పుడు కేవిటీని కలపండి. 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్‌కు రెండు వక్రాల మధ్య దూరం సరిపోయేది 4.2 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. అక్కడ ఒక ఫోటాన్ ఉన్న అయానిక్ వక్రం, ఫోటాన్ లేని కోవలెంట్ వక్రాన్ని ఖండిస్తుంది. కాంతి పుట్టించిన కొత్త ఖండన ఇది. ట్రాన్సిషన్ డైపోల్ అక్కడ 1 డిబై అనుకుంటే, రాబీ డోలనం ఒకటి పూర్తవడానికి 269 ఫెమ్టోసెకనులు కావాలి. కానీ వేవ్‌ప్యాకెట్ వేగం ఫెమ్టోసెకనుకు 0.026 ఆంగ్‌స్ట్రామ్. వక్రాల వాలుల తేడా ఆంగ్‌స్ట్రామ్‌కు 0.9 ఎలక్ట్రాన్ వోల్టులు. అనునాదంలో అది ఉండేది 5 ఫెమ్టోసెకనుల పాటే!

అందుకే ఇక్కడ పోలరిటాన్ అనే మాట జాగ్రత్తగా వాడాలి. కేంద్రకాలు కదలకుండా ఉంటే బలమైన కలయిక అనిపించే అంకెలు, కదులుతున్న వేవ్‌ప్యాకెట్‌కు ఒక చిన్న తాకిడి మాత్రమే. లాండౌ-జీనర్ లెక్కలో ఒక్క దాటుకు సుమారు 2 శాతం అయానిక్ వక్రంలోకి మారుతుంది. డైపోల్ 3 డిబై అయితే 20 శాతం. మీ పూర్తి క్వాంటమ్ లెక్క మొదటి దాటులో ఈ అంకెల చుట్టుపక్కల ఉండాలి. ట్రాన్సిషన్ డైపోల్ విలువను మాత్రం చివరికి ఎలక్ట్రానిక్ నిర్మాణ లెక్క నుంచే తీసుకోండి. ఫలితం దాని వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఊహించి పెట్టిన విలువతో శాతాలు ప్రకటించకూడదు.

ఫోటాన్ శక్తిని 0.9కు తగ్గిస్తే అనునాదం 5 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరికి జరుగుతుంది, అక్కడ వాలు మెత్తగా ఉంటుంది. ఇలా ఫోటాన్ శక్తిని కొద్దికొద్దిగా మారుస్తూ విడిపోయే శాతాన్ని గీయడమే ఈ అభ్యాసంలో అసలైన ఫలితం.

మెట్టు 7: ఫోటాన్ కారిపోవడం

ఆయుష్షు 50 ఫెమ్టోసెకనులు అనుకుందాం, వెడల్పు 13 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. పూర్తి పద్ధతి లిండ్‌బ్లాడ్ సమీకరణం, అంటే నష్టంతో సహా డెన్సిటీ మాత్రికను నడిపేది. డెన్సిటీ మాత్రికను 20,480 బై 20,480 సైజులో మోయడం ల్యాప్‌టాప్ వల్ల కాదు. క్వాంటమ్ జంప్ పద్ధతి వాడండి. 1992లో డాలిబార్, కాస్టాన్, మోల్మర్ చూపించిన దారి అది. తరంగ ప్రమేయాన్నే నడుపుతూ, యాదృచ్ఛికంగా ఫోటాన్‌ను బయటికి పంపి, అలాంటి పరుగుల సగటు తీసుకుంటాం. చిన్న మోడల్స్‌కు క్యూటిప్ ప్యాకేజీలో ఇది సిద్ధంగా దొరుకుతుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్టు ఫోటాన్‌ను తీసేసే ఆపరేటర్‌నే జంప్ ఆపరేటర్‌గా పెడితే, శాశ్వత డైపోల్ వల్ల జరిగిన డోలకంలోని ఆ 0.03 ఫోటాన్లు కూడా బయటికి కారుతాయి. 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కదలకుండా నిలబెట్టిన అయాన్ల జంట సగటున 1.7 పికోసెకనులకు ఒక ఫోటాన్ వెలువరించినట్టు లెక్క చూపిస్తుంది. అలాంటి కాంతి ప్రకృతిలో ఉండదు. పైగా ప్రతి దొంగ ఫోటాన్ పరమాణువుల దూరాన్ని కొలిచినట్టే పనిచేసి వేవ్‌ప్యాకెట్ కోహెరెన్స్‌ను చంపుతుంది. మందు సులువే: జంప్ ఆపరేటర్‌కు జీ మాత్రికను ఫోటాన్ శక్తితో భాగించి కలపండి. అప్పుడు అది నిజమైన విద్యుత్ క్షేత్రానికి సంబంధించిన ఆపరేటర్ అవుతుంది, జరిగిన డోలకం నిశ్చలంగా ఉండిపోతుంది.

మెట్టు 8: నమ్మేముందు చేసే పరీక్షలు

పరమాణువుల దూరాన్ని 4.2 దగ్గర బిగించి, గతిజశక్తిని తీసేసి, వికర్ణ డైపోల్‌లను సున్నా చేసి నడపండి. 1 డిబైకి 269, 3 డిబైకి 90 ఫెమ్టోసెకనుల డోలనం రావాలి. 1963 నాటి జేన్స్-కమ్మింగ్స్ మోడల్ ఇచ్చే జవాబు ఇదే. తర్వాత నష్టాన్నీ, గ్రిడ్ చివరి శోషణనూ ఆపి మొత్తం శక్తి స్థిరంగా ఉందో లేదో చూడండి. ట్రాన్సిషన్ డైపోల్‌ను సున్నా చేసి, శాశ్వత డైపోల్‌నూ స్వీయశక్తినీ ఉంచండి. విడిపోయే శాతం కేవిటీ లేని జవాబుకు దగ్గరగా రావాలి. పెద్ద తేడా కనిపిస్తే రద్దు ఎక్కడో తప్పింది. ఆఖరున గ్రిడ్ దూరం, కాలపు అడుగు సగం చేసి, ఫాక్ స్థితులు రెండు పెంచి మళ్లీ నడపండి.

అణువు అక్షం క్షేత్రం వైపే ఉందని ఇంతసేపూ అనుకున్నాం. వాయువులో అణువులు అన్ని దిక్కులా ఉంటాయి. డైపోల్‌ను కోణం కొసైన్‌తో గుణించి, కొన్ని కోణాలకు నడిపి సగటు తీయండి.

మెట్టు 9: ఒకటి నుంచి ఎన్నో అణువులకు

1968లో టావిస్, కమ్మింగ్స్ రాసిన మోడల్‌లో ఒకే మోడ్‌కు ఎన్నో అణువులు కలుస్తాయి. ఒక ఉత్తేజం ఉన్న చోట రెండు పోలరిటాన్ స్థితులే వస్తాయి. మిగతావన్నీ కాంతి వాటా లేని చీకటి స్థితులు. కోటి అణువులుంటే చీకటి స్థితులు కోటికి ఒకటి తక్కువ. అణువుల కంపనాలు శక్తిని పోలరిటాన్ల నుంచి ఆ చీకటి సముద్రంలోకి లాగేస్తాయి. కేవిటీ ప్రభావం ప్రయోగాల్లో నిలవాలంటే ఈ లాగుడును దాటాలి. అందుకే కంపనాలు లేని టావిస్-కమ్మింగ్స్ లెక్కతో రసాయన చర్య గురించి ఏమీ చెప్పలేం.

రెండు మూడు సోడియం అయొడైడ్ అణువులను మన గ్రిడ్ పద్ధతితోనే కష్టపడి నడపవచ్చు. ఆ పైన ఎంసీటీడీహెచ్ (మల్టీకాన్ఫిగరేషన్ టైమ్-డిపెండెంట్ హార్ట్రీ)కు వెళ్లాలి. 1990లో మేయర్, మాంతే, సెడర్‌బామ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో గ్రిడ్ మీద కదిలే కొద్దిపాటి ఆధార ప్రమేయాలతోనే పని జరుగుతుంది. ఓరియోల్ వెండ్రెల్ దీన్నే కేవిటీలోని అణువుల గుంపులకు వాడారు. అణువులన్నీ ఒకేలా ఉన్నాయని ఒప్పుకుంటే ఆ సౌష్ఠవం చాలా లెక్కను తగ్గిస్తుంది. యువెన్-జోవ్ బృందం 2023లో తెచ్చిన కట్-ఈ పద్ధతి దాన్నే ఆధారం చేసుకుంది. ద్రావణిలో ఉన్న నిజమైన రంగు అణువులైతే, గ్రోన్‌హాఫ్, టోపరి బృందాలు వెయ్యికి పైగా రోడమిన్ అణువులతో చేసినట్టు, కేంద్రకాలను క్లాసికల్‌గా, ఎలక్ట్రాన్లనూ ఫోటాన్‌నూ క్వాంటమ్‌గా నడపాలి.

పరారుణ కేవిటీల్లో, అంటే కాంతి బంధాల కంపనాలతో కలిసేచోట, మోడల్ రాసేవాళ్ల పని ఇంకా తేలలేదు. 2016 నుంచి స్ట్రాస్‌బర్గ్ ప్రయోగాలు వెలుతురు పడకుండానే, కేవిటీ పౌనఃపున్యం ఒక కంపనంతో సరిపోయినప్పుడే చర్య వేగం మారుతుందని చూపించాయి. సాధారణ ట్రాన్సిషన్ స్టేట్ సిద్ధాంతంలో ఆ అనునాదం కనిపించదు. అక్కడ ఫోటాన్ నిరూపకాన్ని కూడా కేంద్రకాల్లాగే నెమ్మదిగా కదిలే దానిగా తీసుకుని, ఎలక్ట్రాన్లను రెండింటి మీదా ఒకేసారి లెక్కించే కేవిటీ బోర్న్-ఓపెన్‌హైమర్ రూపం వాడండి. ఇక్కడ చెప్పిన స్వీయశక్తి, శాశ్వత డైపోల్ జాగ్రత్తలు అక్కడ ఇంకా ఎక్కువ వర్తిస్తాయి, ఎందుకంటే పరారుణ ఫోటాన్ శక్తి 0.1 నుంచి 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్యే ఉంటుంది, కాబట్టి జీని దానితో భాగించిన నిష్పత్తి ఇట్టే పెరిగిపోతుంది.